దూలం లేని ఇంట్లో ఉయ్యాల

అమెరికాలో పాతసామాన్ల దుకాణాల్లో అప్పుడప్పుడూ ఒక వింత బెంచీ తారసపడుతుంది. ముగ్గురు సర్దుకుని కూర్చునేంత పొడవు. వీపుకు ఆనుకోవడానికి సన్నటి పుల్లల వరస. కాళ్ల కింద తొట్టికి ఉన్నట్టు వంపు బద్దలు. ఇంతవరకూ విశేషం లేదు. తమాషా అంతా ముందువైపు ఉంది. అక్కడ సగం మేర ఒక చిట్టి కంచె కడతారు. కంచె అడుగున కొయ్య మేకులు, బెంచీ అంచున వాటికి సరిపోయే కన్నాలు. కావాలంటే గుచ్చుకోవచ్చు, వద్దంటే పీకి పక్కన పెట్టొచ్చు. కంచె ఉన్న వైపు పసిబిడ్డ పడుకుంటుంది, లేని వైపు తల్లి కూర్చుంటుంది. ఆమె మడమతో నేలను కాస్త తడితే చాలు, ఇద్దరూ ఊగుతారు. ఆమె చేతులు రెండూ ఖాళీ. బట్టలు కుట్టుకోవచ్చు, చిక్కుళ్లు ఒలుచుకోవచ్చు.

పాతసామాన్ల వాళ్లు దీన్ని మామీ బెంచ్ అంటారు. 19వ శతాబ్దం మొదటి సగంలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇవి బాగా చెల్లాయి. ఇవాళ పసిబిడ్డ గదికి ఊగే కుర్చీ కొనాలని షాపుల చుట్టూ తిరిగే దంపతులు ఈ బెంచీని ఒక్కసారి చూస్తే, తాము వెతుకుతున్న వస్తువు ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. అది సగం తొట్టి, సగం కుర్చీ.

మన ఇళ్లల్లో ఈ రెండూ ఎప్పుడూ కలవలేదు. మన ఉయ్యాల పైనుంచి వేలాడుతుంది. దూలానికో, వాసానికో, పొలం గట్టున వేపకొమ్మకో పాత చీర కట్టేస్తే ఉయ్యాల. బారసాలనాడు ముత్తయిదువలు బిడ్డను వేసి పాట పాడేదీ అలాంటి ఉయ్యాలలోనే. తిరుమలలో మలయప్పస్వామికి రోజూ అద్దాల మండపంలో జరిగే డోలోత్సవంలోనూ పీట గొలుసుల మీద వేలాడుతుంది. ఈ ఏర్పాటులో ఊగేది ఒకరు, ఊపేది ఇంకొకరు. తల్లి పక్కన కూర్చుని తాడు లాగుతుంది. చేతిలో పని ఉంటే తాడు కొసను కాలి బొటనవేలికి తగిలించుకుంటుంది. ఆమె మాత్రం ఊగదు.

ఐరోపాలో ఊపు పైనుంచి కాక నేల మీదనుంచి వచ్చింది. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో పేలినప్పుడు బూడిదలో కూరుకుపోయిన హెర్క్యులేనియం పట్టణంలో తవ్వకాలు జరిపితే బొగ్గయిపోయిన ఒక కొయ్య తొట్టి దొరికింది. దాని అడుగున వంపు బద్దలున్నాయి. అంటే రెండువేల ఏళ్ల కిందటే ఆ పద్ధతి స్థిరపడిందన్నమాట. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన వలసదారుల సామానులోనూ అలాంటి తొట్టి ఒకటి ఉందని చెబుతారు. ఓడ ఒడ్డుకు చేరాక పుట్టిన పెరెగ్రిన్ వైట్ అనే బిడ్డదట. పుల్లలతో బుట్టలా అల్లిన ఆ తొట్టి ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో ఉంది.

తొట్టి కింది బద్దలను తీసుకెళ్లి కుర్చీ కింద పెట్టాలన్న ఆలోచన మాత్రం 18వ శతాబ్దం దాకా పెద్దగా ఎవరికీ తట్టినట్టు లేదు. ఆ ఘనత బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దని అమెరికాలో చాలామంది నమ్ముతారు. మనకు ప్రతి పాత కోట కిందా ఒక సొరంగం ఉన్నట్టే, వాళ్లకు ప్రతి తెలివైన వస్తువూ ఫ్రాంక్లిన్ ఖాతాలోకే వెళుతుంది. రెంటికీ ఆధారాలు అంతంతమాత్రమే. అసలు పని చేసింది పేరు తెలియని వడ్రంగులు. ఇంట్లో ఉన్న మామూలు కుర్చీనే తిరగేసి, కాళ్ల చివర గాడి కోసి, అందులో బద్ద దూర్చి మేకు కొట్టేవారు. 1774లో ఫిలడెల్ఫియాలో కుర్చీలు చేసే విలియం సేవరీ ఇచ్చిన ఒక బిల్లులో రాకింగ్ చెయిర్‌కి అడుగు అల్లిన పని కనిపిస్తుంది. అడుగు మళ్లీ అల్లించుకున్నారంటే అప్పటికే అది అరిగేంత వాడకంలో ఉందని ఊహించుకోవచ్చు. ఆ తొలి బద్దలు సన్నగా, కత్తి అంచులా ఉండేవి. వాటికి ‘తివాచీ కోతలు’ అన్న అర్థం వచ్చే ముద్దుపేరు ఊరికే రాలేదు.

మొదట్లో ఆ కుర్చీ ముసలివాళ్లది, జబ్బుపడ్డవాళ్లది. తర్వాత అందరిదీ అయింది. ఎంతగా అంటే, 1830లలో అమెరికా అంతా తిరిగిన ఆంగ్ల రచయిత్రి హారియట్ మార్టినో సత్రాల ముందుగదుల్లో ఆడవాళ్లు తలో కుర్చీలో తలో వేగంతో ఊగుతుంటే చూసి తల పట్టుకుంది. ఇంత బద్ధకపు, అందం చందం లేని అలవాటు ఒక జాతికంతటికీ ఎలా అంటుకుందో ఆమెకు అర్థం కాలేదు.  మన సావిళ్లలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఆకూవక్కా వేసుకుంటూ ఊళ్లో తగవులు తీర్చిన మోతుబర్లను ఆవిడ చూసి ఉంటే ఏమనేదో!

ఊగే కుర్చీని వ్యాపారవస్తువుగా తీర్చిదిద్దినవాళ్లలో ముందు వరసలో నిలిచేది షేకర్లు. నిజంగా విచిత్రమైన సంగతి ఇది. షేకర్లు ఒక క్రైస్తవ శాఖ. ఆడా మగా ఒకే ప్రాంగణంలో ఉంటారు కానీ బ్రహ్మచర్యం పాటిస్తారు. పెళ్లిళ్లు లేవు, పురుళ్లు లేవు. పిల్లలంటే బయటినుంచి వచ్చి చేరినవాళ్లూ చేరదీసిన అనాథలూనే. అలాంటి వాళ్ల చేతిమీదుగా వచ్చిన కుర్చీలు అమెరికా తల్లుల ఒళ్లోకి లెక్కలేనంతమంది బిడ్డల్ని చేర్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ లెబనాన్‌లో రాబర్ట్ వాగన్ అనే షేకర్ 1870లలో కుర్చీల కర్మాగారాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. కేటలాగు అచ్చువేశాడు. కుర్చీలకు 0 నుంచి 7 దాకా నంబర్లిచ్చాడు. సున్నా నంబరు పసిపిల్లలది, ఏడు భారీ మనిషిది. చెప్పుల కొలతల్లాగా అన్నమాట. చేతులున్నవీ లేనివీ, వంపు బద్దలున్నవీ లేనివీ ఎవరికి కావలసింది వాళ్లు రాసి పంపితే చేసిచ్చేవారు. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా శతవార్షికోత్సవ ప్రదర్శన జరిగితే అక్కడా పెట్టారు, పతకం తెచ్చుకున్నారు.

షేకర్ కుర్చీ అడుగు చూస్తే తెలుగువాడికి చుట్టం కనిపించినట్టుంటుంది. అది నవారే. రెండు రంగుల నూలు పట్టీలను నిలువూ అడ్డం వేసి, చదరంగం గళ్లలా బిగించి అల్లుతారు. మన నవారు మంచంలాగే సాగితే మళ్లీ బిగించుకోవచ్చు, మాసితే విప్పి ఉతుక్కోవచ్చు. పాలు కక్కే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ గుణం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ తెల్లటి ఖరీదైన గుడ్డ తొడిగిన కుర్చీ కొని నెల తిరక్కుండా దాని మీద తువ్వాలు పరుచుకునే తల్లిదండ్రులు వాగన్ కేటలాగు తిరగేసి ఉంటే బాగుండేది.

అదే కాలంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పాలిచ్చే తల్లుల కోసం ప్రత్యేకంగా పొట్టి కుర్చీలు వచ్చాయి. మామూలు కుర్చీ ఎత్తు 18 అంగుళాలుంటే ఇవి 13 నుంచి 15 అంగుళాలు. పాదాలు నేలమీద పూర్తిగా ఆనతాయి, మోకాళ్లు కాస్త పైకి లేస్తాయి, ఒడి దానంతటదే గుంటలా అమరుతుంది. చేతులు ఉండవు. బిడ్డను ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు మార్చుకునేటప్పుడు మోచేతికి ఏదీ తగలకూడదు, తిప్పుతున్నప్పుడు బిడ్డ తల కొయ్యకు కొట్టుకోకూడదు. సూదిపనికీ అదే వాటం కాబట్టి కుట్టుపని కుర్చీ అని కూడా పిలిచేవారు. ఇవాళ్టి షాపుల్లో పసిబిడ్డ గది కుర్చీలు దాదాపు అన్నిటికీ చేతులుంటాయి, అవీ మెత్తగా బొద్దుగా. కారణం ఊహించడం కష్టం కాదు. అప్పట్లో బిడ్డను అందుకోవడానికి ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉండేది. ఇప్పుడు అర్ధరాత్రి ముప్పావుగంట మోయాల్సింది ఒక్కరే. మోచెయ్యి ఎక్కడో ఒకచోట ఆనాలి. అయితే ఆ చేతులు మరీ ఎత్తయితే భుజాలు చెవుల దగ్గరికి ఎక్కుతాయి, మరీ పల్లమైతే నడుం వంగిపోతుంది. షాపులో కూర్చుని చూసేటప్పుడు ఒక దిండును బిడ్డలా ఎత్తుకుని చూస్తే తప్ప ఇది బయటపడదు.

ఇక వరసగా మార్పులు. వియన్నాలో మైఖేల్ థోనెట్ బీచ్ కర్రను ఆవిరికి మెత్తబరిచి వంచే విద్యలో ఆరితేరి 1860లో తన మొదటి ఊగే కుర్చీ తెచ్చాడు. అందంలో దానికి సాటిలేదు. పసిబిడ్డ గదికి మాత్రం అంత నప్పదు, వెనక్కి సాగిన తోకలు పాకే పిల్లల వేళ్లకు ఎసరు పెడతాయి. తివాచీల గొడవ తీర్చడానికి 1870లు, 80లలో కొత్తరకం వచ్చింది. దిమ్మ నేలమీద కదలకుండా ఉంటుంది, పైన సీటు మాత్రం స్ప్రింగుల మీద ఊగుతుంది. జర్మనీ నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడ్డ జార్జ్ హంజింగర్ వంటివాళ్లు వీటి మీద పేటెంట్లు తీసుకున్నారు. ఊగుతూ ఊగుతూ కుర్చీ గోడదాకా జరిగిపోయే ఇబ్బంది అక్కడితో తీరింది.

అధ్యక్షుల కుర్చీలు చరిత్రలో మిగిలాయి కానీ పసిబిడ్డలకు వాటితో పనిలేదు. 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్ థియేటర్‌లో కాల్పులకు గురైనప్పుడు లింకన్ కూర్చున్నది ఊగే కుర్చీలోనే. దాన్ని 1929లో హెన్రీ ఫోర్డ్ 2,400 డాలర్లకు కొన్నాడు. కెనడీ నడుంనొప్పికి డాక్టర్ జానెట్ ట్రావెల్ ఉత్తర కరోలినాలో తయారైన ఓక్ కుర్చీ సూచించింది, దాంతో ఆ రకం దేశమంతా ఫ్యాషనైంది. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఒక మాట బాలింతలకూ వర్తిస్తుంది. ఊగేటప్పుడు నడుం కండరాలు ఒకే బిగువున ఉండిపోవు, బిగుస్తూ సడలుతూ ఉంటాయి.

ఊగే కుర్చీకి అసలు గండం తివాచీల వల్ల రాలేదు, డాక్టర్ల వల్ల వచ్చింది.

న్యూయార్క్‌లో పసిపిల్లల ఆసుపత్రి నడిపిన లూథర్ ఎమెట్ హోల్ట్ 1894లో పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం వేశాడు. ఆయాలకు పాఠం చెప్పడానికి రాసుకున్న ప్రశ్న, జవాబుల పుస్తకం అది. తర్వాత దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ అచ్చయి అమెరికా తల్లులకు పెద్దబాలశిక్ష అయిపోయింది. నిద్రపుచ్చడానికి ఊపడం అవసరమా అన్న ప్రశ్నకు ఆయన జవాబు ఖండితం: అవసరం లేదు, సులువుగా అంటుకుని కష్టం మీద వదిలే పనికిమాలిన అలవాటు, ఒక్కోసారి హాని కూడా. ఏ వయసు బిడ్డకు ఎన్ని గంటలకోసారి పాలు, ఎంత నిద్ర అన్నది గడియారం ప్రకారం నడవాలన్నది ఆయన పద్ధతి. ఊపు ఆ గడియారానికి లొంగదు. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ ఇంకో మెట్టెక్కాడు. పిల్లల్ని కౌగిలించుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, తప్పదనుకుంటే రాత్రి నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున్నే కరచాలనం! మన అమ్మమ్మలు వింటే ఆయనకే దిష్టి తీసి ఉందురు.

ఈ ఉపదేశాల వల్ల చాలా ఇళ్లల్లో కుర్చీ పసిబిడ్డ గది దాటి వరండాలోకి వెళ్లింది. తిరిగి లోపలికి రావడానికి కోతులు సాయం చేశాయి. 1950ల చివర విస్కాన్సిన్‌లో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో తల్లికి దూరం చేసిన కోతిపిల్లలకు రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు. ఒకటి పాలసీసా ఉన్న తీగబొమ్మ, ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది. పిల్లలు పాలు తాగి మళ్లీ గుడ్డతల్లినే కరుచుకున్నాయి. ఆ తర్వాత విలియం మేసన్, గెర్షన్ బెర్క్‌సన్ అనే పరిశోధకులు ఇంకో ప్రశ్న వేశారు: గుడ్డతల్లి కదిలితే? కదలని బొమ్మ దగ్గర పెరిగిన పిల్లలు తమంతట తామే ముందుకూ వెనక్కూ ఊగే జబ్బు తెచ్చుకున్నాయి. కదిలే బొమ్మ దగ్గర పెరిగినవాటికి అది రాలేదు. 1975లో అచ్చయిన ఈ ఫలితం చదివితే మనసు చివుక్కుమంటుంది. ఊపు దొరకని పిల్ల తనను తాను ఊపుకుంది.

2013లో జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం ఆరునెలల లోపు పిల్లల గుండెవేగం కొలిచింది. తల్లి ఎత్తుకుని లేచి నడవడం మొదలుపెట్టగానే బిడ్డ ఏడుపు తగ్గి, గుండె నెమ్మదిస్తుంది. కదలకుండా కూర్చుంటే ఆ గుణం రాదు. 2022లో వాళ్లే ఇంకాస్త కచ్చితంగా చెప్పారు: ఏడ్చే బిడ్డను 5 నిమిషాలు ఎత్తుకుని నడవాలి, నిద్రపోయాక వెంటనే పక్క మీద వేయకుండా ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. పెద్దవాళ్ల సంగతీ అంతే. 2011లో జెనీవాలో పరిశోధకులు పగటినిద్రకు పడుకున్నవాళ్లను మంచంతో సహా 4 సెకన్లకు ఒకసారి మెల్లగా ఊపితే, కదలని మంచం మీదికంటే త్వరగా నిద్రపట్టింది. ఆ మంచాన్ని వాళ్లు పైనుంచి తాళ్లతో వేలాడదీశారు. ఉయ్యాల అని పేరు పెట్టలేదంతే.

ఈలోగా కుర్చీ రూపం మారింది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1950లో ఫైబర్‌గ్లాస్ గిన్నెలాంటి సీటుకు ఉక్కు చువ్వలు, కింద బర్చ్ కర్ర బద్దలు తగిలించి ఊగే కుర్చీ చేశారు. దాన్ని అమ్మిన హెర్మన్ మిల్లర్ కంపెనీ తమ ఉద్యోగుల ఇంట బిడ్డ పుడితే ఒకటి బహుమతిగా ఇచ్చేది. చూపుకు ముచ్చటైనదే, మెడ ఆనించడానికి మాత్రం వీపు చాలదు. తల వెనక్కి వాల్చుకోలేని కుర్చీ రాత్రి రెండు గంటలకు పనికిరాదు. 1976లో స్వీడన్ కంపెనీ ఐకియా కోసం జపాన్ డిజైనర్ నొబొరు నకమురా వెనక కాళ్లే లేని కుర్చీ గీశాడు. పొరలు పొరలుగా అతికించి వంచిన చెక్క తనంత తానే కాస్త కిందికీ మీదికీ ఆడుతుంది. తర్వాత పోయెంగ్ అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది. 2018 ఆగస్టులో ఐకియా భారతదేశంలో తన తొలి దుకాణం హైదరాబాద్‌లో తెరిచాక తెలుగువాళ్లు టిక్కెట్టు లేని ఎగ్జిబిషన్‌కి వెళ్లినట్టు వెళ్లి అందులో కూర్చుని చూశారు.

పసిబిడ్డ గదిని నిజంగా గెలిచింది గ్లైడర్. 1970ల నుంచి కెనడాలోని క్యూబెక్ ప్రాంతపు కంపెనీలు, డ్యుటాయె, షెర్మాగ్ వంటివి, దీన్ని ఉత్తర అమెరికా అంతటా అమ్మాయి. గ్లైడర్‌కి వంపు బద్దలుండవు. వంపు మీద దొర్లే కుర్చీ ముందుకొచ్చినప్పుడు ముక్కు కిందికి దించుతుంది, వెనక్కి వెళ్లినప్పుడు పాదాలు పైకి లేపుతుంది. గ్లైడర్ అలా కాదు, దాదాపు నేలకు సమాంతరంగా ముందుకూ వెనక్కూ జారుతుంది. బిడ్డ తల ఒకే మట్టాన ఉంటుంది. పాలు తాగుతూ నిద్రలోకి జారే బిడ్డకు అది పెద్ద తేడా.

ఎలా జారుతుందో తెలియాలంటే దాని పక్కన నేలమీద కూర్చుని, చేతి కింద వేలాడే గుడ్డ ఎత్తి చూడాలి. అక్కడ అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు చిన్న పట్టీలు కనిపిస్తాయి. పట్టీ పైకొస దిమ్మకు బిగించి ఉంటుంది, కిందికొస సీటుకు. కొసల్లో బేరింగులు. సీటు దిమ్మ మీద కూర్చుని లేదు, దిమ్మకు వేలాడుతోంది! దూలం, గొలుసులు, బల్ల అన్నీ ఉన్నాయి, జానెడు ఎత్తులోకి కుదించి మెత్త కింద దాచారంతే. నేలమీద రెండువేల ఏళ్లు దొర్లిన ఐరోపా తొట్టి చివరికి మన ఉయ్యాలబల్ల దగ్గరికే వచ్చి చేరింది. ఈసారి తల్లి కూడా లోపలే ఉంది.

ఆ పట్టీలే దీని బలహీనత కూడా. పాకే వయసొచ్చిన పిల్లలు వేలు పెట్టేది సరిగ్గా అక్కడే. అందుకే మంచి గ్లైడర్‌కి కదలిక ఆపే గడియ ఉంటుంది, పక్కలు మూసి ఉంటాయి. బేరింగులు నాసిరకమైతే ఏడాది తిరిగేసరికి కిర్రుమంటాయి. బిడ్డ కన్ను మూసిన క్షణంలో ఆ కిర్రు ఎంత పెద్దగా వినిపిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఇంకో పరీక్ష లేవడం. మరీ లోతుగా కూరుకుపోయే మెత్త కూర్చున్నప్పుడు స్వర్గం. నిద్రపోయిన బిడ్డను రెండు చేతులా పట్టుకుని, చేతి ఆసరా లేకుండా పాదాల బలంతోనే లేవాలి కదా. సిజేరియన్ అయిన తల్లికి మొదటి వారాల్లో అదొక కొండ. పొట్టి సీటు కావాలన్న పాత కొలతకూ, సులువుగా లేవాలన్న ఈ అవసరానికీ పొసగదు. పాదాలు ఆనేంత పల్లం, లేవగలిగేంత గట్టిదనం, ఈ రెంటి నడుమ ఎవరి పొడుగును బట్టి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

కుర్చీ మరీ హాయిగా ఉన్నా చిక్కే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం సోఫాల్లోనూ పడక కుర్చీల్లోనూ బిడ్డతో కలిసి నిద్రపోవడం చాలా ప్రమాదమని పదేపదే హెచ్చరిస్తోంది. చేతికీ మెత్తకూ మధ్య బిడ్డ ముఖం ఇరుక్కుంటే ఊపిరాడదు. కునుకు వస్తోందనిపిస్తే లేచి బిడ్డను గట్టి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. హోల్ట్ భయపడ్డది బిడ్డకు అలవాటవుతుందని. ఇప్పటి డాక్టర్ల భయం తల్లికి నిద్ర పడుతుందని.

డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ కుర్చీ సంగతి బాగా తెలుసు. అద్దె అపార్టుమెంటులో ఉయ్యాల కొక్కెం వేయడానికి దూలం కనపడదు. పైకప్పుకు బిగించింది జిప్సం పలక, మేకు కొడితే పొడి రాలుతుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టు కోస్తారు. అందుకని సీమంతం నాటికే గ్లైడర్ వచ్చేస్తుంది. పురిటికి ఆరునెలల అనుమతితో విజిటర్ వీసా మీద అమ్మమ్మ వస్తుంది. ఆవిడ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, ధర అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది. మర్నాడు పొద్దున బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోశాక, అదే గ్లైడర్‌కి వీపు ఆనించి నేలమీద కాళ్లు బారచాపుకుని కూర్చుంటుంది. కుర్చీ వెనక్కి జారకుండా అల్లుడు గడియ వేసి పెడతాడు. రెండు కాళ్ల మధ్య గుంటలో మెత్తటి పాత పంచె పరిచి, బిడ్డను పడుకోబెట్టి, మడమలు కదలకుండా మోకాళ్లను మాత్రం మెల్లగా అటూ ఇటూ ఊపుతుంది. గ్లైడర్ మీద అప్పటికి సాంబ్రాణి పొగ పట్టిన బట్టలు మడతపెట్టి ఉంటాయి.